మాడ్ గ్రాఫు గీయడం: షర్క్‌లో మధ్యాహ్నం, మావాడి ఆదివారం ఫోను

ఎపిసోడ్‌లో గ్రాఫుల సంగతి నోటితో చెప్పాను. బండి నడుపుతూ విన్నవాళ్ళకు, రూములో కూర కలుపుతూ విన్నవాళ్ళకు సగమే ఎక్కి ఉంటుందని నాకు తెలుసు. చూడాల్సిన బొమ్మను చెవితో వినడం కష్టం. అందుకే అదే సంగతి ఇక్కడ నిదానంగా రాస్తున్నా. ఒక తెల్ల కాగితం, పెన్సిల్ తీసుకోండి. స్కేలు లేకపోతే సివిల్ ఐడీ కార్డు అంచు చాలు, గీత తిన్నగానే వస్తుంది.

నేను లెక్కల మాస్టరును కాను. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివి, మేస్త్రీల వెనక తిరిగి, ఇక్కడికొచ్చి సూపర్‌వైజర్ అయినవాణ్ణి. ఇప్పుడు మా సైటు షర్క్‌లో. తలెత్తితే అల్ హమ్రా టవర్ కనిపిస్తుంది. 412 మీటర్ల పైచిలుకు ఎత్తు, 2011లో పూర్తయింది, కువైట్‌లో అన్నిటికంటే పొడుగు. దాని దక్షిణం వైపు గోడకు పెద్ద అద్దాలుండవు, రాయి, చిన్న చిన్న కిటికీలు, అంతే. ఎండ కోసం అలా కట్టారు. ఆ ఎండతోనే ఈ కథ మొదలు.

మావాడు రాజంపేట నుంచి పోయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు, హాస్టల్లో ఉంటాడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి హాస్టల్ ఫోను ఇస్తారు, పది నిమిషాలు. వీడియో ఉండదు, మాటలే. జూలైలో ఒక ఆదివారం ఫోన్ ఎత్తగానే, "నాయనా, ఈ ఎంపీసీ నాకు రాదు. వారం టెస్టులో గ్రాఫులన్నీ తప్పులే. నేనూ నీ దగ్గరికే వచ్చేస్తా, వీసా చూడు" అన్నాడు.

కువైట్ రావడం తప్పని నేను అనలేను, నేను వచ్చినవాణ్ణే కదా. కానీ గ్రాఫు రాలేదని రావడం ఏందిరా అనిపించింది. "ఏ గ్రాఫు అబ్బీ?" అంటే, "మాడ్ గ్రాఫులు నాయనా. జరపమంటారు, తిప్పమంటారు, మడవమంటారు. మైనస్ ఉంటే ఎడమకు జరిపితే తప్పంటారు" అన్నాడు. ఇంతలో టైము అయిపోయింది.

ఆ వారమంతా నా బుర్రలో అదే. ఐటీఐలో మాకు ఇంత లోతు చెప్పలేదు. సాయంత్రం రూములో యూట్యూబ్ పెట్టుకుని నేర్చుకున్నా. నేర్చుకున్నది వాడికి నోటితో ఎలా చెప్పాలి? బొమ్మ పంపడానికి లేదు. ఇద్దరికీ తెలిసిన వస్తువు ఏదైనా కావాలి. అది మా సైటు గేటు దగ్గరే దొరికింది: మధ్యాహ్నం పని బంద్ నోటీసు.

మీకందరికీ తెలిసిందే. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా బయట ఎండలో పని చేయించకూడదు. పబ్లిక్ అథారిటీ ఫర్ మ్యాన్‌పవర్ వాళ్ళు సైట్లు తిరిగి చూస్తారు. ఊరికే పెట్టిన రూలు కాదు అది. 2016 జూలై 21న ఇదే దేశంలో మిత్రిబా దగ్గర 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పుకున్న లెక్క.

ఇప్పుడు కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, 24 గంటలు గుర్తు పెట్టండి. 11 దగ్గర ఒక చుక్క, 16 దగ్గర ఒక చుక్క. రెండిటికీ సరిగ్గా మధ్యలో 13.5, అంటే ఒంటిగంటన్నర. అక్కడి నుంచి అటు రెండున్నర గంటలు, ఇటు రెండున్నర గంటలు బంద్. కువైట్ గడియారం చూపించే టైముకు 'క' అని పేరు పెడదాం. ఒంటిగంటన్నరకు మనం ఎంత దూరంలో ఉన్నాం? పొద్దున 9 అయితే నాలుగున్నర గంటలు. సాయంత్రం 6 అయినా నాలుగున్నర గంటలే. ముందా వెనకా అని అడగకుండా దూరం ఒక్కటే చెప్పేది మాడ్. తెలుగు పుస్తకంలో పరమమూల్యం అంటారు. రాసేది |క − 13.5| అని.

ఆ రెండు నిలువు కడ్డీలు 1841లో జర్మనీ గణితవేత్త కార్ల్ వైయర్‌స్ట్రాస్ వాడినవి. ఆయన చాలా ఏళ్ళు చిన్న ఊళ్ళలో బడి పంతులుగా ఉండి, పిల్లలకు చేతిరాత, వ్యాయామం కూడా నేర్పాడట. పెద్ద పేరు ఆ తర్వాత వచ్చింది. మన రూముల్లో రాత్రిళ్ళు చదువుకునేవాళ్ళు గుర్తొచ్చి ఈ మాట రాశా, గ్రాఫుకు దీంతో పనిలేదు.

గ్రాఫు గీద్దాం. 13.5 దగ్గర దూరం సున్నా, కాబట్టి అక్కడ గీత మీదే ఒక చుక్క. ఒక గంట అటు పోతే ఎత్తు 1, ఇటు పోయినా 1. రెండు గంటలకు 2. చుక్కలు కలిపితే ఇంగ్లీషు 'వి' అక్షరం వస్తుంది. కింద మొన 13.5 దగ్గర, రెండు చేతులూ సమానంగా పైకి లేస్తాయి. మాడ్ గ్రాఫు అంటే మూలంలో ఇదే. మిగతావన్నీ ఈ 'వి'ని జరపడం, సాగదీయడం, మడవడం.

ఇప్పుడు పనికొచ్చే ప్రశ్న. పని చేయొచ్చా, చేయకూడదా? దూరం రెండున్నర కంటే తక్కువైతే బంద్. కాబట్టి దూరంలో నుంచి 2.5 తీసేద్దాం: |క − 13.5| − 2.5. మొత్తం 'వి' ఉన్నపళంగా రెండున్నర కిందికి దిగుతుంది. మొన ఇప్పుడు గీత కింద, 13.5 దగ్గర −2.5. చేతులు గీతను దాటేది 11 దగ్గర, 16 దగ్గర. గీత పైన ఉన్నంతసేపు పని, గీత కింద ఉన్నంతసేపు నీడ. 12 గంటలకు విలువ −1, రెండింటికి −2, పొద్దున 6కి +5.

ఇంతవరకు మావాడికి వెంటనే ఎక్కింది. చిక్కంతా కడ్డీల లోపలి మైనస్ దగ్గరే. "బయట −2.5 అంటే కిందికి దిగింది, సరే. లోపల −13.5 అంటే ఎడమకు పోవాలి కదా, కుడికి ఎందుకు పోయింది?" వాడి టెస్టులో మార్కులు పోయింది ఇక్కడే. పుస్తకంలో 'లోపల ఉల్టా' అని బట్టీ పట్టిస్తారు. బట్టీ పట్టింది పరీక్షలో తడబడుతుంది.

దీనికి జవాబు మన చేతి గడియారంలోనే ఉంది. ఇండియా టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. వాడి హాస్టల్ గోడ గడియారం చూపించేది 'ఇ' అనుకుందాం. వాడు అక్కడ కూర్చుని, "ఇప్పుడు మా నాయన ఎండలో ఉన్నాడా, నీడలో ఉన్నాడా" అని తెలుసుకోవాలి. వాడేం చేస్తాడు? ముందు తన గడియారంలోంచి రెండున్నర తీసేసి కువైట్ టైముకు వస్తాడు. క = ఇ − 2.5. తర్వాతే నా గ్రాఫు చూస్తాడు. అంటే |(ఇ − 2.5) − 13.5| − 2.5, లెక్క కడితే |ఇ − 16| − 2.5.

మొన ఇప్పుడు 16 దగ్గర. రెండున్నర తీసేశాం, బొమ్మ రెండున్నర కుడికి జరిగింది. ఎందుకంటే ఇక్కడ ఒంటిగంటన్నర అయ్యేది వాడి గడియారంలో నాలుగైనప్పుడు. నా బంద్ మారలేదు, ఎండ మారలేదు. చూసే గడియారం మారింది. ఆ గడియారం ముందున్నది కాబట్టి అన్నీ అందులో ఆలస్యంగా, అంటే కుడివైపు కనిపిస్తాయి.

లోపల చేసే పని ప్రశ్న వేయకముందు గడియారం మార్చుకోవడం. బయట చేసే పని జవాబు వచ్చాక దాన్ని దిద్దుకోవడం. జవాబును తగ్గిస్తే బొమ్మ తిన్నగా తగ్గుతుంది, అందులో ఉల్టా లేదు. గడియారంలోంచి తీసేస్తే అదే జవాబు రావడానికి గడియారం అంత ఎక్కువ తిరగాలి, అందుకే కుడికి. ఇది చెప్పినప్పుడు ఫోన్లో రెండు క్షణాలు మాట లేదు. తర్వాత, "అంటే నువ్విప్పుడు సరిగ్గా మొన మీద ఉన్నావు నాయనా" అన్నాడు. నిజమే. వాడు ఫోన్ చేసే నాలుగు, నా ఒంటిగంటన్నర. షెడ్డులో కూలరు ముందు కూర్చుని మాట్లాడుతున్నా.

మరుసటి వారం టెస్టులో వచ్చిన లెక్క చెప్పాడు: వై = |2ఎక్స్ − 4| − 3. దీంట్లో చాలామంది మొనను 4 దగ్గర పెడతారు. మావాడూ అక్కడే పెట్టాడు. 2ఎక్స్ అంటే రెండింతల వేగంతో తిరిగే గడియారం. అది 4 చూపించేసరికి అసలు టైము 2 మాత్రమే. కాబట్టి మొన 2 దగ్గర, కిందికి 3. అదే కాదు, గడియారం వేగం కాబట్టి చేతులు కూడా నిటారుగా లేస్తాయి, ఒక అడుగు పక్కకు పోతే రెండు అడుగులు పైకి. గీతను దాటేది 0.5 దగ్గర, 3.5 దగ్గర. నిలువు గీతను తాకేది 1 దగ్గర. అనుమానం ఉంటే 2ను బయటికి లాగి 2|ఎక్స్ − 2| − 3 అని రాసుకోండి, మొన కళ్ళకు కనిపిస్తుంది. మా సైట్లో రీబార్ కట్ చేసేముందు కొలత రెండుసార్లు చూస్తాం కదా, అలాగే మొన గుర్తు పెట్టేముందు లోపలిది సున్నా చేసి చూడాలి. 2ఎక్స్ − 4 సున్నా అయ్యేది ఎక్కడ? 2 దగ్గర. ఇంతే.

ఇంకో చిక్కు ఉంది, అది పెద్దది. మాడ్‌ను మొత్తం ప్రమేయానికి బయట వేస్తే ఒక బొమ్మ, లోపల ఎక్స్‌కు మాత్రమే వేస్తే ఇంకో బొమ్మ. పుస్తకంలో |ఎఫ్(ఎక్స్)| అనీ, ఎఫ్(|ఎక్స్|) అనీ రాస్తారు. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, పని వేరు.

దీనికి వంపు గీత ఒకటి తీసుకుందాం: ఎక్స్² − 4ఎక్స్ + 3. సున్నా దగ్గర ఎత్తు 3. 1 దగ్గర గీతను తాకుతుంది, 2 దగ్గర −1 కి దిగుతుంది, 3 దగ్గర మళ్ళీ గీత, 4 దగ్గర మళ్ళీ 3. గిన్నె లాంటి బొమ్మ, అడుగు భాగం గీత కిందికి దిగి ఉంది.

బయట మాడ్ వేస్తే జవాబులో మైనస్ ఉండకూడదు. గీత పైన ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. కింద ఉన్నదాన్ని, అంటే 1కీ 3కీ మధ్య ముక్కను, అడ్డగీత దగ్గర కాగితం మడిచినట్టు పైకి మడవండి. −1 ఉన్న చోట +1 వస్తుంది. గిన్నె మధ్యలో చిన్న గుట్ట లేస్తుంది. 1 దగ్గర, 3 దగ్గర మలుపు పదునుగా ఉండాలి. చాలామంది అక్కడ గుండ్రంగా తిప్పేస్తారు, అది తప్పు.

లోపల మాడ్ వేస్తే సంగతి వేరు. ఎక్స్ −2 అయినా 2 అయినా లోపలికి పోయేది 2. అంటే ఎడమవైపుకు సొంత బొమ్మ లేదు, కుడివైపు చూసి రాసుకోవాలి. నిలువు గీతకు ఎడమన ఉన్నదంతా రబ్బరుతో చెరిపేయండి. కుడివైపు బొమ్మ సిరా ఇంకా తడిగా ఉందనుకుని కాగితాన్ని నిలువు గీత దగ్గర మడిచి నొక్కండి. ఎడమన అచ్చు పడుతుంది. ఇప్పుడు రెండు గిన్నెలు: ఒకటి 2 దగ్గర −1 కి, ఒకటి −2 దగ్గర −1 కి. మధ్యలో సున్నా దగ్గర 3 ఎత్తులో ఒక మొన. గీతను దాటేది నాలుగు చోట్ల. గీత కింద బొమ్మ అలాగే ఉంటుంది, దాన్ని పైకి మడవకూడదు. మావాడి మార్కుల్లో ఇంకో సగం పోయింది ఇక్కడ, లోపలి మాడ్ చూసి కింద ముక్కను పైకి మడిచాడు.

నా బంద్ గ్రాఫు కూడా ఈ రెండోరకమే, గమనించారా? పొద్దున జరిగేదే సాయంత్రం అద్దంలో కనిపిస్తుంది. అద్దం సున్నా దగ్గర కాకుండా 13.5 దగ్గర నిలబెట్టాం, అంతే తేడా.

ఇప్పుడు ఆ బంద్ గ్రాఫుకు బయట కూడా ఒక మాడ్ వేద్దాం: ||క − 13.5| − 2.5|. గీత కిందికి దిగిన మొన పైకి మడతపడుతుంది. 13.5 దగ్గర −2.5 పోయి +2.5 వస్తుంది, 11, 16 దగ్గర బొమ్మ గీతను తాకి లేస్తుంది. 'వి' పోయి 'డబ్ల్యూ' అయింది. దీనికి అర్థం ఏంటి? విజిల్‌కు ఎంత దూరంలో ఉన్నాం అని. పని ఆపే విజిలో, మొదలుపెట్టే విజిలో, దగ్గరున్నదానికి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. పొద్దున 9కి ఈ గ్రాఫు 2 చూపిస్తుంది. మధ్యాహ్నం రెండింటికీ 2 చూపిస్తుంది. ఒకప్పుడు మనవాళ్ళు స్లాబ్ మీద ఉంటారు, ఇంకొకప్పుడు షెడ్డులో. మాడ్ వేశాక ఆ తేడా చెరిగిపోతుంది. దూరం మిగులుతుంది, దిక్కు పోతుంది.

దీని విలువ నాకు అనుభవంతో తెలుసు. సూపర్‌వైజర్ అయిన కొత్తలో, వేరే సైట్లో, కాలమ్‌లు నిటారుగా ఉన్నాయా అని చూసి రిజిస్టర్ రాసేవాణ్ణి. మా డ్రాయింగ్ ప్రకారం అటూ ఇటూ 6 మిల్లీమీటర్ల వరకు ఒప్పుకోలు. ఒకరోజు నాలుగు కాలమ్‌లకు తూర్పు వైపు 12, పడమర వైపు 12, తూర్పు 9, పడమర 9 వచ్చాయి. తూర్పుకు ప్లస్, పడమరకు మైనస్ పెట్టి సగటు కట్టా. సున్నా వచ్చింది. "సగటు వంపు సున్నా" అని రాసి సంతకం పెట్టా. కన్సల్టెంట్ ఇంజనీరు రిజిస్టర్ చూసి, నన్ను చూసి, మళ్ళీ రిజిస్టర్ చూశాడు. నాలుగూ రిజెక్ట్. షటరింగ్ విప్పి మళ్ళీ పని. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ప్రతి కాలమ్‌కూ మాడ్ తీసుకుని ఉంటే 12, 12, 9, 9. సగటు పదిన్నర. ఒక్కటి కూడా 6 లోపల లేదని చిన్నపిల్లాడికైనా తెలిసేది. కానీ మాడ్ ఒక్కటే రాసినా చాలదు. 12 వంగింది సరే, ఎటు నెట్టాలి? సపోర్టు జాకీ ఎటు తిప్పాలి? దానికి గుర్తు కావాలి. అందుకే అప్పటి నుంచి నా రిజిస్టర్లో రెండు గళ్ళు: ఒకదాంట్లో ప్లస్ మైనస్ తో కొలత, పక్కన మాడ్. మొదటిది మేస్త్రీ కోసం, రెండోది ఇన్‌స్పెక్షన్ కోసం. ఇది మావాడికి చెప్తే, "నువ్వూ టెస్టులో తప్పావా నాయనా" అని నవ్వాడు. చాలా వారాల తర్వాత విన్న నవ్వు.

పిల్లలకు ఫోన్లో చెప్పాలనుకునేవాళ్ళకు ఒక మాట. బొమ్మ వర్ణించొద్దు, చుక్కలు చెప్పండి. "మొన ఎక్కడ, ఎంత ఎత్తులో? గీతను ఎక్కడ దాటింది? సున్నా దగ్గర ఎంత?" ఈ మూడు అడిగితే అవతలి కాగితం మీద ఏముందో మీకు కనిపిస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో కూడా కనిపిస్తుంది. నేను అలాగే పట్టుకుంటున్నా.

వీసా మాట వాడు మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆగస్టు చివరి ఆదివారం వాడే నాకొక ప్రశ్న వేశాడు.

"నాయనా, నీ డబ్ల్యూ గ్రాఫు తప్పు."

"ఏంది తప్పు?"

"రాత్రి ఒంటిగంటకు ఎంత చూపిస్తుందో చెప్పు."

లెక్క కట్టా. 13.5లోంచి 1 పోతే 12.5, అందులోంచి 2.5 పోతే 10. "పది గంటలు. పదకొండింటి విజిల్‌కు పది గంటలు. కరెక్టే కదరా."

"ముందురోజు సాయంత్రం నాలుగింటి విజిల్ అయిపోయి తొమ్మిది గంటలే కదా అయింది? దగ్గరున్నదానికి దూరం అన్నావు. తొమ్మిది రావాలి."

నేను షెడ్డులో సిమెంటు సంచి మీద పెన్సిలుతో గీసి చూశా. వాడు చెప్పిందే నిజం. రాత్రి ఒంటిగంటన్నర దాకా నిన్నటి విజిల్ దగ్గర, ఆ తర్వాత ఇవాళ్టిది దగ్గర. నా గ్రాఫు ఒక్కరోజుకే గీశాను, దాని పక్కన నిన్న ఉందని, రేపు ఉందని మరిచిపోయా. రాత్రి ఒంటిగంటన్నర నుంచి మర్నాటి రాత్రి ఒంటిగంటన్నర దాకానే అది చెల్లుతుంది. అక్కడ తొమ్మిదిన్నర ఎత్తులో ఒక మొన వచ్చి, మళ్ళీ కొత్త డబ్ల్యూ మొదలవ్వాలి. రోజూ అదే బొమ్మ, పక్కపక్కన, మూడు నెలల పాటు.

"దాన్ని ఒకే ఫార్ములాగా రాయొచ్చా అబ్బీ?" అని అడిగా.

"మా సార్‌ను అడిగి చెప్తా. ఇంకో నిమిషమే ఉంది, అమ్మకు కూడా ఫోన్ చేయాల" అని పెట్టేశాడు. బయట ఇంకా నాలుగు కాలేదు.